ఒరిగిన మూడో టాకా

ఫిబ్రవరి 9

ఈ డైరీ మా గొడుగుల షెడ్డుకి ఆర్డరు ఇస్తానని వచ్చిన ఓడ కంపెనీ ఆయన ఇచ్చింది. అట్ట మీద బంగారు రంగు ఓడ బొమ్మ ఉంది. కాగితం ఎంత నున్నగా ఉందంటే కలం జారిపోతోంది. "పాల లెక్క రాసుకో" అన్నారు మా ఆయన. ఇంత మంచి కాగితం మీద పాల లెక్క రాయబుద్ధి కాలేదు. అలాగని ఏం రాయాలో కూడా తెలియదు. పదో తరగతి పరీక్షల తర్వాత నేను పేజీ నిండా రాసింది లేదు.

రాయదగ్గ సంగతి ఇవాళ జరిగింది. షెడ్డులో ఇంతమంది కుట్టిన గొడుగుల్లోంచి శాంపిల్‌కి నాది తీశారు.

కంపెనీ ఆయన గొడుగు తెరిచి, దాని కింద నిలబడి తల ఎత్తాడు. గుడ్డ కుచ్చుగా చేరి గొడుగు నడిమి కర్రని కలిసే చోట నా పసుపు దారం కనబడింది. అదేమిటని అడిగాడు. నాన్న తర్వాత షెడ్డు చూసుకుంటున్న తమ్ముడు హుషారుగా చెప్పాడు.

"ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం సార్. కుట్టిన మనిషి చివర్లో తన దారంతో టాకాలు వేస్తుంది. ఎప్పుడు పాడైనా ఆ రంగు చూసుకుని గొడుగు ఆవిడ దగ్గరికే తిరిగొస్తుంది. ఊరికే బాగుచేసి ఇస్తుంది. మా నాన్న పెట్టిన పద్ధతి. వంతెన అవతల మార్కెట్లో దారం చూడకుండా గొడుగు కొనరు."

ఆయన "చాలా బాగుంది" అని ఫోనుతో దారానికి ఫోటో తీసుకున్నాడు.

మిగతావాళ్ళవి రెండు టాకాలు, ఈవిడవి మూడెందుకని ఆయన అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. టాకాకో మాట చొప్పున మూడు మాటలు అనుకుంటాను. ఆ గొడుగు కింద నిలబడే మనిషి ఎవరో నాకు తెలియదు కదా, ఆ మనిషి కోసం. అది నాకూ దేవుడికీ మధ్య సంగతి.

ఒక్కటే మనసులో గుచ్చుకుంది. తీసుకెళ్ళిన గొడుగులో మూడో టాకా దగ్గర దారం తెగింది. మళ్ళీ ఎక్కించి వేశాను, కొంచెం పక్కకి ఒరిగింది. "ఆగరా, ఇంకొకటి ఇస్తాను" అన్నాను. బయట కారు హారన్ కొడుతోంది. "ఎవరు చూస్తారే అక్కా" అని లాక్కెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 10

నిన్న రాసింది చదివాను. గర్వం కనబడుతోంది. చింపేద్దామనుకున్నాను. కాగితం మంచిది.

ఫిబ్రవరి 24

వంతెన వదిన వచ్చింది. నది అవతలి దేశంలో ఆమెకి పెద్ద కొట్టుంది. నాన్న ఉన్నప్పటి నుంచీ ఏటా ఈ రోజుల్లోనే వచ్చి వానాకాలం సరుకు చెప్పి వెళుతుంది. నేను ఆమెని వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. ఏ వరసన వదినలమో ఇద్దరికీ తెలియదు.

తమ్ముడు ఆమె ముఖం చూడకుండా మాట్లాడాడు. "ఈసారి కొంచెం ఆగాలండీ. గుడ్డంతా పెద్ద ఆర్డరు కోసం పక్కన పెట్టేశాం."

"ఎంత పెద్దదేంటి?"

"ఓడ నిండా."

"ఓహో. ఓడలో వాన కురుస్తుందా ఓనరుగారూ?"

ఎర్రదారం పిన్ని కుట్టే గొడుగులో ముఖం దాచుకుని నవ్వింది. పిన్ని నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఎవరికీ జంకదు.

తమ్ముడికి మండింది. "నవ్వండి. చుట్టూ ఉన్న నాలుగైదు దేశాలనీ పట్టుకుని ఎంతకాలం వేలాడతాం? మీకూ మాకూ ఒకటే వాన, ఒకటే బీదతనం. ఊచలు మీ దగ్గర కొంటాం, గొడుగులు మీకు అమ్ముతాం. తిరిగిన డబ్బే తిరుగుతోంది. ఉన్నవాడితో వ్యాపారం చేస్తే కదా మనకీ నాలుగు రాళ్ళు మిగిలేది."

"అది నిజమే బాబూ" అంది వదిన. ఆమె ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. "మేం ఉన్నవాళ్ళం కాదు. మా దగ్గర బేరం కూడా ఎక్కువే. కానీ వంతెన మీద సుంకం తీసేసిన రోజు మీ నాన్న మా కొట్టు మెట్ల మీద కూర్చుని ఏమన్నాడో తెలుసా? ఇక నువ్వు పక్కింటిదానివమ్మా, ఏదన్నా తెగితే గోడ మీంచి ఒక కేక వెయ్యి అన్నాడు. ఆ ఓడాయన్ని ఏ గోడ మీంచి పిలుస్తావు?"

"ఫోనుంది."

"సరే అయితే."

వెళుతూ నా పక్కన ఆగి, "నీ పసుపువి రెండు కట్టలైనా పంపు వదినా" అని మెల్లగా అంది. నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాను. తమ్ముడి మాట కాదనడం నాకు అలవాటు లేదు.

మార్చి 18

టీవీలో దేశాల వ్యాపార ఒప్పందం మీద సంతకాలు చూపించారు. ఇక రేవులో సుంకాలు ఉండవట. లోకమంతా ఒకటే బజారట. తమ్ముడు మా ఇంటికొచ్చి మరీ చూశాడు.

మా ఆయనకి వంతెన మీద లారీల తూకం దగ్గర పని. అంతా విని, "వెళ్ళే సరుక్కి సుంకం లేనట్టే వచ్చేదానికీ లేదటగా" అన్నారు.

"బావా, నువ్వు తూకం చూసుకో" అన్నాడు తమ్ముడు.

ఆయన టీవీ గొంతు కొంచెం పెంచారు, అంతే.

ఏప్రిల్ 6

ఆర్డరు ఇంకా రాలేదు. ఓడల పని కదా, ఆలస్యమవుతుందట. గుడ్డ తానులు గోడంత ఎత్తు పేర్చి ఉన్నాయి.

ఏప్రిల్ 19

రాలేదు.

మే 2

కంపెనీ ఆయన ఫోను ఎత్తడం లేదట. మనకి పగలైతే వాళ్ళకి రాత్రి. నిద్రలో ఉండి ఉంటాడు.

మే 14

అక్కడివాళ్ళకి పగలయ్యే వేళ చూసి తమ్ముడు ఫోను చేశాడట. అప్పుడూ ఎత్తలేదు.

జూన్ 5

ఇవాళ అక్షరాలు నావిలా లేవు.

సూదులు కొనుక్కుని వస్తుంటే వాన పట్టుకుంది. గొడుగులు కుట్టేదాన్ని, గొడుగు లేకుండా బయల్దేరాను. బస్సు స్టాపులో చూరు కారుతోంది. పక్కనే పిల్లాడిని ఎత్తుకున్న ఒకమ్మాయి, "ఇలా లోపలికి రండి ఆంటీ" అని తన గొడుగు కిందకి పిలిచింది.

అలవాటు కొద్దీ తల ఎత్తాను.

పసుపు దారం. మూడు టాకాలు.

ముందు సంతోషించాను, ఆ మాట నిజం. నేను కుట్టిన గొడుగు నన్నే వానలో కాసిందని దేవుణ్ణి తలుచుకున్నాను కూడా. అప్పుడు చూశాను. మూడో టాకా ఒరిగి ఉంది.

నా చేతి మీదుగా ఒకే ఒక్క గొడుగు మూడో టాకా ఒరిగి బయటికి వెళ్ళింది. అది ఓడెక్కింది. అది నల్లది. ఇది ఊదా రంగుది. మా షెడ్డులోకి ఊదా గుడ్డ ఏనాడూ రాలేదు.

"ఇది నాది కాదు" అన్నాను. పైకే అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "అవునండీ, నాది. వంతెన పక్కన కొత్త బజారు పెట్టారు కదా, అక్కడ కొన్నాను. చవగ్గా వచ్చింది. మంచిదేనండీ, చూడండి, పసుపు దారం కూడా ఉంది."

పక్కన ఆకుపచ్చ గొడుగు. వంగి దాని కింద నుంచి చూశాను. పసుపు దారం, మూడు టాకాలు, మూడోది ఒరిగి. దాని పక్కన గళ్ళది. అదీ అంతే. ఎవరెవరి గొడుగుల కిందో దూరి తల ఎత్తి చూస్తూ ఆ స్టాపు ఆ చివరి వరకూ వెళ్ళాను. ఒక పెద్దాయన, "ఏం పోయిందమ్మా?" అని అడిగాడు.

"దారం" అన్నాను.

పాపం, ఆయన కిందకి వంగి వెతకబోయాడు.

జూన్ 6

నేనే ఎప్పుడో కుట్టి మర్చిపోయి ఉంటాను. యాభై ఏళ్ళు వచ్చాయి. మరుపు సహజం.

జూన్ 7

మరుపు కాదు. ఊదా గుడ్డ లేదు. ఎప్పుడూ లేదు.

జూన్ 8

కొత్త బజారులో ఒక గొడుగు కొని తమ్ముడి బల్ల మీద పెట్టాను. తెరిచి, చాలాసేపు లోపలికి చూశాడు. గొడుగు అలా పట్టుకునే నేల మీద కూర్చున్నాడు.

"మన శాంపిల్ ఇంకెక్కడో, ఇంకా చవగ్గా చేసే ఫ్యాక్టరీకి ఇచ్చారు అక్కా. తప్పుతో సహా దించేశారు."

"పక్కవాడి పరీక్ష పేపరు పేరుతో సహా ఎక్కించిన పిల్లాడిలా" అంది ఎర్రదారం పిన్ని. ఎవరూ నవ్వలేదు. అన్నాక పిన్ని కూడా నవ్వలేదు.

"ఆ దారం ఎందుకో ఆయనకి చెప్పావు కదరా. బాగుచేసి ఇస్తామని, అందుకని."

"చెప్పాను. దారం చూసి కొంటారనీ చెప్పాను. అదొక్కటే విన్నాడు."

నీలందారం అమ్మాయి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి నాకు వేరే ఎవరిదోలా ఉంది.

జూన్ 9

ప్రార్థనకి కూర్చున్నాను. మూడు మాటలూ నోటికి రాలేదు. మొదటిది అంటుంటే ఊదా గొడుగులు కనిపిస్తున్నాయి.

జూన్ 10

ఇవాళా రాలేదు.

జూన్ 25

షెడ్డులో మిగిలింది పిన్ని, నేను, ఇంకో ఇద్దరు. వాన బయట పడుతోంది, మేం లోపల గొడుగులు పేర్చుకుని కూర్చున్నాం.

నీలందారం అమ్మాయికి కొత్త బజారులో పని దొరికింది. చెప్పి వెళదామని వచ్చింది. చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏ కొట్లో అమ్మా?"

"అవే పెద్దమ్మా. గొడుగులే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నదికి అటువాళ్ళు కూడా వచ్చి కొంటున్నారు. దారం చూపించమంటారు. నేనే తెరిచి చూపించి అమ్మాలి. చూపించకపోతే ఓనరు ఊరుకోడు."

"పర్లేదమ్మా, పని పనే కదా" అన్నాను. ఆ పిల్ల వెళ్ళాక ఒక గంట ఏ పనీ చెయ్యలేకపోయాను.

జూలై 16

తమ్ముడు పిలిచి చెప్పాడు. ఓడ కంపెనీ ఆయన ఫోను చేశాడట.

"ఇన్నాళ్ళకా?"

"చాలా మర్యాదగా మాట్లాడాడు అక్కా. మీ షెడ్డు వంతెనకి దగ్గర, గోడౌనుగా బాగా పనికొస్తుంది అన్నాడు. వాళ్ళ గొడుగులు మనమే దించుకుని అమ్మచ్చు. కుట్టే బాధ ఉండదు. కమీషను ఇస్తారు."

"అదే ఆయనా?"

"అదే ఆయన."

"నా గొడుగు తీసుకెళ్ళిన ఆయన?"

తమ్ముడు నేల చూశాడు. "వానాకాలం అయ్యేలోపు చెప్పమన్నాడు. మనకి వేరే ఆర్డరు ఏముంది చెప్పు. నీ వంతెన వదిన మళ్ళీ సరుక్కి రాలేదు. నేను పంపినా తీసుకుంటుందన్న నమ్మకం లేదు. ఉన్న గుడ్డకైనా డబ్బు రావాలిగా."

వాడి కళ్ళ కింద నల్లగా అయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా అయ్యేది. తిట్టలేకపోయాను. తిట్టడం నాకు రాదు కూడా.

షెడ్డు పోతే పిన్ని ఎక్కడికి వెళుతుంది? నేను ఎక్కడికి వెళతాను?

జూలై 28

వంతెన వదిన వచ్చింది. సరుకు కోసం కాదు. ఆటో నిండా విరిగిన గొడుగులు తెచ్చి షెడ్డు మధ్యలో గుమ్మరించింది. ఊదావి, ఆకుపచ్చవి, గళ్ళవి. ఊచలు తుప్పు పట్టి, వెనక్కి తిరిగి, చచ్చిన పక్షుల్లా ఉన్నాయి.

"ఇవేంటండీ?" అన్నాడు తమ్ముడు.

"పసుపు దారం. బాగుచెయ్యండి."

"ఇవి మావి కావు."

"నాకు తెలుసు. నేను అమ్మినవీ కావు. కానీ మా వాళ్ళకి ఎవరు చెబుతారు? గాలివాన ఒకటి వచ్చింది, అన్నీ ఒక్కసారే విరిగాయి. కొన్న కొట్టుకి వెళితే వాడు అదేం లేదు పొమ్మన్నాడు. అందరూ నా కొట్టు ముందుకొచ్చారు. పసుపు దారమావిడ ఊరికే బాగుచేస్తుందిగా, పంపించమ్మా అని. ఒకడు నన్ను దొంగ అన్నాడు. నా కొట్టు మెట్ల మీద నిలబడి అన్నాడు." వదిన ఒక విరిగిన గొడుగుని కాలితో తన్నింది. ఆమెని అలా ఎప్పుడూ చూడలేదు.

"అయితే మమ్మల్ని ఏం చెయ్యమంటారు? ఎవరో దొంగతనం చేస్తే మేం తీర్చాలా?"

"తీర్చమని చట్టం లేదు. నువ్వు చెయ్యకపోతే ఏమవుతుందో చెప్పి పోతా. పసుపే కాదు, ఎరుపూ నీలమూ ఏ దారం కనబడినా మా వాళ్ళు ఇక ముట్టుకోరు. చేస్తే, సీజను చివర్లో పడే వెనకవానలకి నాకు లారీ సరుకు కావాలి. ఊచలు నేను తెస్తాను, మా కొలిమివాళ్ళవి. కష్టం మీది."

తర్వాత నా వైపు తిరిగింది. "నీకు అన్యాయమే వదినా. కాదనను."

జూలై 29

తమ్ముడు పసుపు దారం మానేద్దామంటున్నాడు. పసుపు దారంతో మాకు సంబంధం లేదని అటువైపు మార్కెట్లో చెప్పించేద్దామని, నన్ను తెల్ల దారం తీసుకోమని.

"దారమే కదక్కా."

అవును, దారమే. పెళ్ళి కాకముందు నుంచీ నా సూదిలో ఉన్న దారం. నాన్న రంగులు పంచినప్పుడు అందరూ ముందు ఎర్రదీ నీలమూ పట్టుకుపోయారు. నాకు మిగిలింది ఇది.

నేను బాగుచెయ్యను. అబద్ధపు గొడుగుల కోసం నేను కూర్చోను. ఇదే నిర్ణయం. వదినకి రేపు చెప్పిస్తాను.

జూలై 30

చెప్పించలేదు. వాన.

ఆగస్టు 1

ఇవాళ ఒక పాపం చేశాను. నా దారాన్ని దొంగిలించినవాళ్ళ చేతులు పడిపోవాలని ప్రార్థనలో అడిగాను. అలా అడగడం నాకు ఇదే మొదటిసారి. మూడు మాటలు రాని నోటికి అది మాత్రం గబగబా వచ్చింది.

ఆగస్టు 2

ఎలా రాయాలో తెలియడం లేదు.

ఆ గుట్టని వదినకి తిరిగి పంపేద్దామని కట్టలు కట్టడానికి కూర్చున్నాను. మడిచే ముందు ఒక్కొక్కటీ తెరుస్తున్నాను. రెండు గొడుగులు పక్కపక్కన తెరిచి ఉండగా చూశాను. ఒకదాని మూడో టాకా బాగా ఒరిగింది. ఇంకోదానిది కొంచెమే. మూడోది తెరిచాను. అది ఇంకోలా ఉంది. ముడి కూడా అన్నిటికీ ఒకేచోట లేదు. ఒకదానికి దారం కొస పొడుగ్గా వదిలారు, ఇంకోదానికి పంటితో కొరికినట్టు ఉంది.

మిషను అయితే అన్నీ ఒకేలా ఉండాలి.

ఇవి చేత్తో వేసినవి. అన్నీ.

పిన్నిని పిలిచాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. మళ్ళీ తుడుచుకుని చూసింది. "ఆడవాళ్ళే" అంది. "ఇదిగో, ఈ పిల్లకి అలవాటు లేదు, గుడ్డ లాగేసింది. ఇదైతే మంచి చెయ్యి."

ఇన్నాళ్ళూ పెద్ద మిషను అనుకున్నాను. కన్నూ ముక్కూ లేనిది ఏదో లక్షలు లక్షలు కక్కుతోందని అనుకున్నాను. ఎక్కడో వరసగా కూర్చుని ఉన్నారు. మేం కూర్చున్నట్టే. దారం తెగి నేను కంగారుగా వేసిన ఆ ఒక్క టాకాని వాళ్ళు రోజంతా వేస్తున్నారు. అది ఎందుకో వాళ్ళకి తెలియదు. తిన్నగా వేస్తే శాంపిల్‌లా లేదని ఎవరో తిరిగి ఇచ్చేస్తూ ఉండి ఉంటారు. చక్కగా కుట్టడం వచ్చిన మనిషి వంకరగా వెయ్యడం నేర్చుకోవాలి.

నిన్న నేను ఎవరి చేతులు పడిపోవాలని అడిగాను?

ఆగస్టు 3

వెనక్కి తీసుకున్నాను. నిన్నా, ఇవాళా, అడిగి అడిగి వెనక్కి తీసుకున్నాను. విన్నాడో లేదో తెలియదు.

ఆగస్టు 5

మొదలుపెట్టాను.

తమ్ముడు వచ్చి చూసి, "ఏంటక్కా ఇది" అన్నాడు.

"బాగుచేస్తున్నా."

"ఎవరికోసం?"

"గొడుగు కింద నిలబడేవాళ్ళకి."

"ఆ కంపెనీవాళ్ళు మనల్ని ముంచారే. నువ్వు వాళ్ళ సరుక్కి గ్యారంటీ ఇస్తున్నావా? కంపెనీవాడికి తెలిస్తే పడీ పడీ నవ్వుతాడు."

"నవ్వనీరా."

"నేను వద్దంటున్నా."

"విన్నాను" అన్నాను. సూది ఆపలేదు. వాడు తలుపుకి అడ్డంగా అలాగే నిలబడ్డాడు.  పిన్ని గొంతు సవరించుకుని, "ఓనరుగారూ, తలుపు దగ్గర నిలబడితే వెలుతురు పోతోంది, జరుగు" అంది. వాడు జరిగాడు.

తుప్పు ఊచలు తీసి వదిన పంపినవి వేస్తున్నాం. అవి కొంచెం బరువు, కానీ వంగవు. ఊచ మార్చాక ఒరిగిన టాకా విప్పి తిన్నగా వేస్తున్నాను. నా చేతిలోకి వచ్చిందని తెలియడానికి వేరే గుర్తేమీ అక్కర్లేదు.

మొదటి గొడుగుకి మూడు మాటలూ వచ్చాయి.

ఆగస్టు 17

మా ఆయన తూకం దగ్గర నుంచి వస్తూ ఇంకో కట్ట మోసుకొచ్చారు. వంతెన మీద ఎవరో ఆయన చేతిలో పెట్టారట, పసుపు దారమావిడ మొగుడివి కదా అని. "ఇన్నేళ్ళు లారీలు తూచాను. ఇప్పుడు కూలీ అయ్యాను" అన్నారు. తడిసిన చొక్కా విప్పుతూ నవ్వారు. ఈ మధ్య ఆయన నవ్వు చూడలేదు.

ఆగస్టు 30

వదిన లారీ సరుకు చెప్పింది. అటువైపు జనం ఇప్పుడు గొడుగు తెరిచి మూడో టాకా తిన్నగా ఉందా అని చూస్తున్నారట. తిన్నగా ఉంటే ముట్టుకుంటున్నారు. "కొత్త బజారులో మీ నీలందారం పిల్లకి బేరాలు తగ్గాయట, తిరిగొస్తుందేమో కనుక్కో" అంది. కనుక్కున్నాను. వస్తానంది.

తమ్ముడు షెడ్డుని రెండు చేశాడు. ఒక సగంలో అట్టపెట్టెలు దిగాయి. ఓడ గొడుగులే. ఇంకో సగంలో మేం. "రెండూ ఉండనీ అక్కా. ఒకటే నమ్ముకుని ఒకసారి చూశాగా" అన్నాడు. మధ్యలో పాత గుడ్డ తాను ఒకటి తెరలా కట్టాడు. ఏది నిలుస్తుందో నాకూ తెలియదు, వాడికీ తెలియదు. అట్టపెట్టెలు నాకు ముల్లులా గుచ్చుకుంటాయనుకున్నాను. అంతగా గుచ్చుకోవడం లేదు. వాటిలో ఎవరి చేతులున్నాయో ఇప్పుడు తెలుసు కదా.

సెప్టెంబరు 12

వదిన పొద్దున్నే వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఒక్క గొడుగు నా ఒళ్ళో పడేసింది. ఊదాది. ఒక ఊచ విరిగింది.

"తెరువు."

తెరిచాను. పసుపు దారం. మూడో టాకా తిన్నగా ఉంది.

"నువ్వు బాగుచేసిందేనా ఇది? కొన్నావిడ ఎప్పుడూ బాగుచేయించలేదంటోంది. కొత్త బజారులో కొన్నదట. మళ్ళీ దించారా వదినా? తిన్నని టాకా కూడా దించేశారా? అదే అయితే ఇక మనం చెయ్యగలిగింది లేదు. లారీ సంగతి కూడా..." మాట పూర్తి చెయ్యలేదు. ఆటోవాడు బయట ఎదురుచూస్తున్నాడు.

 తమ్ముడు తెర తప్పించుకుని వచ్చాడు. పిన్ని సూది పట్టుకునే నిలబడిపోయింది. "అట్టపెట్టెలు తెరవరా" అన్నాను. తెరిచాం. ఒకటి, రెండు, ఎన్నో. అన్నిటికీ మూడో టాకా ఒరిగే ఉంది.

మళ్ళీ ఈ ఒక్కదాన్నీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. విప్పి కుట్టింది కాదు. గుడ్డకి పాత సూది కన్నాలు లేవు. ముడి ఎడమవైపుకి ఉంది. టాకాలన్నీ ఎడమ నుంచి వచ్చాయి. షెడ్డులో ఎడమచేతి వాటం మనిషి లేదు. ఎప్పుడూ లేదు.

ఎక్కడో ఒకావిడ. తిట్లు పడతాయని తెలిసి కూడా, ఒక్క గొడుగుకి, చూసేవాళ్ళు లేనప్పుడు, తిన్నగా వేసింది.

"చెప్పు వదినా, నీదేనా?"

నేను అబద్ధం ఆడనని వదినకి తెలుసు. తమ్ముడికి తెలుసు. అందుకే అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"నాదే" అన్నాను.

వదిన ఊపిరి వదిలి అట్టపెట్టె మీద కూలబడింది. పిన్ని నా వైపు ఒక్కసారి చూసి, తల వంచుకుని తన పని మొదలుపెట్టింది.

ఊచ మార్చాను. టాకాల జోలికి పోలేదు. వాటి మీద వేలు పెట్టి మూడు మాటలూ అన్నాను. ఎవరి కోసమో చెప్పాలి కదా, పేరు తెలియదు, ఎడమచేతి ఆవిడ అన్నాను.

అబద్ధం ఆడినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు.